ఎడమ అంచున అన్నయ్య

మా వదినకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆడపడుచుని కాబట్టి ఆడిపోసుకుంటున్నానని అనుకోకండి, ఆమె దగ్గర ఫొటోలు తీయడం నేర్చుకున్నవాళ్ళలో ఎవరిని కదిపినా ఇదే మాట చెబుతారు. సాయంత్రం క్లాసుల్లో వాళ్ళు ఆమెకు పెట్టుకున్న పేరు అంచుల టీచర్. ఎవరు ఎంత మంచి ఫొటో తెచ్చి చేతిలో పెట్టినా మధ్యలో ఏముందో ముందుగా చూడదు. నాలుగు అంచులూ చుట్టి వస్తుంది. "మధ్యలో ఉన్నది దారినపోయేవాడికైనా కనబడుతుంది. అంచుల్లో ఏం దూరిందో చూసుకున్నావా?" అంటుంది. తీరా చూస్తే అక్కడ ఎవరిదో మోచెయ్యి ఉంటుంది, లేదంటే చెత్తకుండీ మూత, కరెంటు తీగ. తెచ్చినవాళ్ళ మొహం వాడిపోతుంది. వదిన అప్పటికే తర్వాతి ఫొటో అందుకుని ఉంటుంది.

ఆమెకు చలికాలమంటే ప్రాణం. మేమందరం కిటికీలు బిగించుకుని దుప్పట్లో ముడుచుకునే రోజుల్లో ఆమె మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ కనబడుతుంది. "ఎండాకాలంలో చెట్లన్నీ ఒకటేలా ఉంటాయి, గుబురుగా, బద్ధకంగా. ఆకు రాలాకే కదా ఏ కొమ్మ ఎటు వెళ్ళిందో తెలిసేది" అని ఆమె వాదన. పెట్టెలో లెన్సులు చాలానే ఉన్నా చలికాలమంతా వాడేది ఒక్క వైడ్ యాంగిల్ లెన్సే. దాని అద్దం ముందుకు పొడుచుకొచ్చి, కప్ప కన్నులా ఉబ్బి ఉంటుంది.

ఒక ఏడాది నన్నూ వెంట తీసుకెళ్ళింది. ఊరి చివర చెరువు గడ్డకట్టి ఉంది. నాకా చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఇంత వెడల్పుగా చూసే లెన్సు ఉందిగా వదినా, ఇక్కడే గట్టు మీద నిలబడి నొక్కేస్తే మొత్తం పడుతుంది. ఇంటికెళ్ళి టీ తాగొచ్చు" అన్నాను.

"మొత్తం పడుతుంది. ఏదీ కనబడదు" అంది.

ఆ లెన్సు దూరంగా ఉన్నవాటిని ఇంకా దూరం నెట్టేస్తుందట. అవతలి కొండ కాస్తా మట్టిగడ్డంత అయిపోతుంది. దగ్గరున్నదాన్ని మాత్రం పెద్దది చేసి చూపిస్తుంది. అందుకని ముందు దగ్గరలో ఒకదాన్ని వెతుక్కోవాలి. ఐసులో సగం ఇరుక్కున్న ఆకు, మంచు తొడుక్కున్న రెల్లు, గడ్డకట్టిన నీటి మీద పగులు, ఏదైనా సరే. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి తగిలి అద్దం మసకబారకుండా బిగబట్టుకుని, ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి జరగాలి. ఆ ఆకు దగ్గర బయలుదేరిన చూపు మెల్లగా చెరువు దాటుకుని అవతలి చెట్లదాకా నడిచి వెళ్ళాలి. దారిలో కొంత మంచును ఏమీ లేకుండా వదిలెయ్యాలి. "అది ఖాళీ అనుకునేవు. గాలి. బొమ్మకి ఊపిరాడొద్దూ?" అంది.

ఇవన్నీ ఒక ఎత్తు, అడుగుజాడలు ఒక ఎత్తు. తీయబోయే చోట ఎవరూ కాలు పెట్టకూడదు. అంత వెడల్పున చూసే లెన్సుకి మన అడుగులన్నీ దొరికిపోతాయి. చలికాలపు ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి మన నీడ కూడా పొడుగ్గా వెళ్ళి ఫొటోలో పడుకుంటుంది. అందుకే ఆమె ఎక్కడికీ తిన్నగా నడవదు, గోడ దూకిన దొంగలా పక్కనుంచి, వంకరగా, చుట్టూ తిరిగి వెళుతుంది. నేను తెలియక చెరువు వైపు తిన్నగా నడిచాను. ఆ రోజు తిన్న చీవాట్లు నాకీ జన్మకి చాలు.

ఆమె తీసిన చలికాలాలు మా ఊళ్ళో చాలాచోట్ల గోడలకు వేలాడుతున్నాయి. పళ్ళ డాక్టరు దగ్గర ఒకటి, బ్యాంకులో ఒకటి, నా సెలూన్లో ఒకటి. నాది జుట్టు కత్తిరించే పని. వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళు మండుటెండలో కూడా ఆ ఫొటో చూసి కొంగో చున్నీయో దగ్గరికి లాక్కోవడం నా కళ్ళతో చూశాను.

నా సెలూన్ పక్కనే అన్నయ్య దుకాణం. ఫొటోలు ప్రింటు వేసి, ఫ్రేములు కట్టి ఇస్తాడు. రెంటికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. అతని రంపం చప్పుడు నాకూ, నా డ్రయర్ మోత అతనికీ అలవాటైపోయాయి. దుకాణాల పైన వాళ్ళిద్దరి కాపురం, ఆ పైన నేనూ నా పిల్లీ. అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి. అబద్ధం ఆడటం చేతకాదు. కానీ చెడ్డ కబురు ఏదైనా చెప్పాల్సి వస్తే, దాన్ని చెప్పకుండా ఉండటానికి ఎంత చాకిరీ అయినా చేస్తాడు. ఒకసారి నా సెలూన్ అద్దం జరుపుతుంటే అతని చేతిలో మూల పగిలింది. ఆ మాట నాతో అనలేక, పగులు మీద సరిగ్గా సరిపోయేలా చిన్న పూల బొమ్మకి ఫ్రేము కట్టి బిగించాడు. ఎంత ముచ్చటైన అన్నయ్యో అని సంబరంగా అందరికీ చెప్పుకున్నాను. దుమ్ము దులుపుతుంటే ఆ బొమ్మ ఊడి పడ్డాక గానీ సంగతి బయటపడలేదు.

ఆకులు రాలే రోజుల్లో, క్లాసులో బోర్డు మీద ఏదో గీస్తూ గీస్తూ వదిన కూలబడిపోయింది. మెదడులో ఒక రక్తనాళానికి గడ్డ అడ్డుపడింది. సమయానికి ఆసుపత్రికి చేర్చారు కాబట్టి దక్కింది. కాళ్ళూ చేతులూ పనిచేస్తున్నాయి. నోటికైతే ఏమీ కాలేదు. ఆసుపత్రి మంచం మీంచే నర్సుతో "ఆ గోడ మీద పటం వంకరగా ఉంది, సరిచెయ్యమ్మా" అంది. గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇంటికొచ్చిన రెండోరోజో మూడోరోజో వదిన తల దువ్వుకుని కిందికి దిగింది. కుడివైపు నున్నగా దువ్వి పిన్ను పెట్టుకుంది. ఎడమవైపు జుట్టు పక్క మీంచి లేచినట్టే రేగి ఉంది. జుట్టుతో బతికేదాన్ని, నా చూపు ముందు అక్కడికే పోతుంది.

"వదినా, ఇటుపక్క దువ్వుకోలేదేం?"

"దువ్వుకున్నానుగా."

కుర్చీలో కూర్చోబెట్టి అద్దం వైపు తిప్పాను. ఆమె తనను తాను చూసుకుని, కుడివైపు పిన్ను సవరించుకుని, "బాగానే ఉందిగా, నీకు పనిలేక" అంది. ఎడమవైపు నేనే దువ్వి పిన్ను పెట్టాను.

భోజనాల దగ్గర ఇంకో వింత. పళ్ళెంలో కుడి సగం ఖాళీ చేసి, "ఇంతేనా పెట్టింది? నన్ను ఆకలితో మాడుస్తారా ఏంటి?" అని అన్నయ్య మీద ఒంటికాలి మీద లేచింది. ఎడమ సగంలో వడ్డించింది వడ్డించినట్టే ఉంది. అన్నయ్య పళ్ళేన్ని ఇటునుంచి అటు తిప్పాడు. ఆమెకు కూర కనబడింది. "అలా రండి దారికి" అని తినేసింది. నేను నవ్వబోయి అన్నయ్య మొహం చూసి మానేశాను.

డాక్టరు విడమరిచి చెప్పింది. వదిన కళ్ళకు ఏ లోపమూ లేదు. ఎడమవైపున్నది కళ్ళు చూస్తూనే ఉన్నాయి, మెదడే దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఆమెకు అటువైపు చీకటిగా ఉండదు. అసలు అటువైపు అనేదొకటి ఉందనే తోచదు. ఏదో తగ్గిందని తెలిసిన మనిషి వెతుక్కుంటుంది, తగ్గిందనే తెలియని మనిషి దేన్ని వెతుక్కుంటుంది? సాధన చేస్తే కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, మొదటి నెలలే ముఖ్యం అంది డాక్టరు. వ్యాయామాలు నేర్పడానికి వచ్చినావిడ పుస్తకం పేజీకి, భోజనాల బల్లకి ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, "ముందు ఎరుపు కనబడేదాకా తల తిప్పండి, ఆ తర్వాతే మొదలుపెట్టండి" అని చెప్పి వెళ్ళింది. వదిన మొహం గంటు పెట్టుకుంది. నేనేమైనా పసిపిల్లనా అని ఆ టేపులన్నీ పీకించేసింది. ఆమె లెక్కలో ఆమెకేమీ కాలేదు, మాకే చాదస్తం పట్టుకుంది.

మొదటి మంచు పడగానే కెమెరా సంచీ తీసింది. అన్నయ్య ఎంత బతిమాలినా పట్టిందే పట్టు. ఇక చేసేదిలేక అతనూ వెంట వెళ్ళడం మొదలుపెట్టాడు. చెరువు గట్టు మీద ఆమెకు ఎడమవైపు నీళ్ళ అంచు ఉంటుంది, అటు ఒక్క అడుగు జారిందంటే కొంప మునుగుతుంది. అందుకని అన్నయ్య ఎప్పుడూ ఆమె ఎడమ భుజం పక్కనే, ఒక అర అడుగు ముందుకు, పడితే పట్టుకునేలా నిలబడేవాడు.

కప్ప కన్ను లాంటి ఆ లెన్సు గురించి చెప్పాను కదా. పక్కనున్నదాన్ని కూడా అది వదలదు. ప్రతి ఫొటోలోనూ ఎడమ అంచున అన్నయ్య పడ్డాడు. వదిన కెమెరా తెర మీద చూసుకుంటూనే నొక్కేది, ఆమెకు అతను కనబడేవాడు కాదు. ఈ సంగతి అన్నయ్యకు దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాక తెలిసింది. మర్నాడు జాగ్రత్తపడి, "ఏమే, నేనేమైనా పడుతున్నానా ఫొటోలో?" అని అడిగాడట. ఆమె తెర మొత్తం చూసి, "మీరెందుకు పడతారు? ఇక్కడెవరూ లేరు" అందట. ఆ మాటకి అతను ఆ రాత్రి అన్నం తినలేదు. నాతో మాత్రం ఒక్క ముక్క అనలేదు.

మరేం చేశాడయ్యా అంటే, అతనికి అలవాటైన పనే చేశాడు. ప్రింటు వేసేముందు తాను ఉన్న ఎడమ ముక్కను కోసేశాడు. మిగిలినది అందంగా ప్రింటు వేసి, ఫ్రేములో బిగించి ఆమె చేతికిచ్చాడు.

వదిన ఆ ప్రింటును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇరుగ్గా ఉంది" అంది. "గాలాడటం లేదు."

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తీసింది. మళ్ళీ కోసిన ప్రింటే వచ్చింది. ఐసులో ఇరుక్కున్న ఆకు ఉంది, పగులు ఉంది, అవతల చెట్లున్నాయి, అన్నీ చిన్న గదిలో సామాను కుక్కినట్టున్నాయి. మంచును వదలడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య, ఆ వదిలిన మంచే కనబడటం లేదు. మొదట్లో లెన్సుని తిట్టింది. తర్వాత కెమెరాని తిట్టింది. తర్వాత అన్నయ్య కాగితాన్ని తిట్టింది. ఆ తర్వాత తిట్టడం మానేసింది.

నాకు భయమేసింది అప్పుడే. క్లాసు పిల్లలెవరో పలకరించడానికి వచ్చి తమ ఫొటోలు చూపిస్తే, "బాగున్నాయమ్మా, అన్నీ బాగున్నాయి" అంది. వాళ్ళు బిత్తరపోయి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒక మధ్యాహ్నం నా సెలూన్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. జుట్టు కత్తిరించమంటుందేమో అనుకున్నాను. ఒళ్ళో వైడ్ యాంగిల్ లెన్సు, శుభ్రంగా తుడిచి మూత పెట్టి ఉంది.

"నీకు తెలిసిన కుర్రాళ్ళెవరైనా ఉంటే ఇచ్చెయ్యి. పడి ఉండటం దేనికి?"

"అదేంటి వదినా?"

"నా కన్ను పోయింది. తీసేటప్పుడు బాగానే ఉంటుంది, ఇంటికొచ్చి చూస్తే అంతా ఉక్కిరిబిక్కిరి. ఇన్నేళ్ళు పదిమందికి నేర్పాను, ఇప్పుడు నాకే రావట్లేదు. క్లాసులకి కూడా ఇక రానని చెప్పేస్తాను."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నేను తట్టుకునేదాన్ని. లెన్సు తీసుకుని సొరుగులో పెట్టాను, ఇప్పుడే ఎవరికీ ఇవ్వనని మనసులో అనుకుంటూ. ఆమె మెట్లెక్కుతూ ఎడమ భుజం తలుపు చెక్కకి కొట్టుకుంది. చెక్కని కూడా ఏమీ అనలేదు.

అన్నయ్యతో మాట్లాడదామని దుకాణంలోకి వెళ్ళాను. ఎవరికో ఫ్రేము ఇచ్చి రావడానికి వెళ్ళాడు, కంప్యూటర్ తెరిచే ఉంది. తెర మీద చెరువు. కోయని ఫొటో. ఎడమ అంచున మా అన్నయ్య. ఆ లెన్సు అంచుల్లో ఉన్నవాళ్ళని సాగదీస్తుంది, అన్నయ్య పొట్ట బియ్యం బస్తా అడ్డంగా పెట్టినట్టుంది. పక్క ఫొటో చూస్తే అందులో ఒంగి దాక్కోబోయాడు, వీపు ఒక్కటే గుట్టలా పడింది. ఇంకోదాంట్లో చెట్టు వెనక నక్కాడు, చెట్టుకి పొట్ట మొలిచినట్టుంది. నాకు నవ్వు ఆగలేదు. ఒక్కదాన్నే కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఫొటోని మళ్ళీ చూశాను. అన్నయ్యకీ ఆకుకీ మధ్య పరుచుకుని, ఎవరూ తొక్కని మంచు. ఎంత హాయిగా ఉందో! వదిన చేతులకి ఆ అలవాటు ఎక్కడికీ పోలేదు. ట్రైపాడ్ ఎక్కడ దించాలో, ఎంత దగ్గరికి జరగాలో, గాలి ఎంత వదలాలో ఆ చేతులకి తెలుసు. అన్నయ్య తనతోపాటు ఆ గాలిని కూడా కోసి పారేశాడు.

అతను తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి నేను నవ్వడం ఆపేసి ఉన్నాను.

"ఏంటన్నయ్యా ఇది?"

అన్నయ్య తెర వంక చూసి నీళ్ళు నమిలాడు. "అదీ... నేను అడ్డం పడ్డాను కదా..."

"వదినకి చెప్పావా?"

"చెబితే కుంగిపోదూ?"

"ఇప్పుడేమైనా ఎగిరి గంతులేస్తోందా? నా కన్ను పోయిందని లెన్సు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. క్లాసులు కూడా మానేస్తుందట. ఆ కన్ను బంగారంలా ఉంది, నువ్వు కోసిన ముక్కలు చూసి పోయిందనుకుంటోంది!"

అన్నయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "డాక్టరు మనసు నొప్పించొద్దంది."

"మనసు నొప్పించొద్దంది. బొమ్మలు కొయ్యమనలేదు."

నా గొంతు మా వీధంతా వినబడి ఉంటుంది. పక్కన డ్రయర్ కింద ఒకావిడని కూర్చోబెట్టి వచ్చిన సంగతి కూడా మర్చిపోయాను. అన్నయ్య తల వంచుకుని, "ఇక్కడెవరూ లేరు అందే. నేను పక్కనే నిలబడి ఉంటే. ఆ మాట దానికి ఎలా చెప్పను?" అన్నాడు. అతని కళ్ళు చూశాక నాకు కోపం చల్లారిపోయింది. భార్యకి తాను కనబడటం లేదని ఏ మనిషి నోరు తెరిచి చెప్పగలడు? చెప్పలేకే కోశాడు. అయినా కోయకుండా ఉండాల్సింది.

కోయని ఫొటోని పెద్ద ప్రింటు వేయించాను. సాయంత్రం టీ తాగే వేళకి పైకి తీసుకెళ్ళి వదిన ముందు బల్ల మీద పరిచాను. అన్నయ్య వంటింటి గుమ్మంలో, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాడు.

వదిన చూసింది. ఆమె చూపు ఆకు దగ్గర మొదలై కుడివైపు చెట్లదాకా వెళ్ళి ఆగింది. "ఇదీ అంతే" అంది. ఎడమవైపు ఉన్న మంచు గానీ మొగుడు గానీ ఆమె దాకా రాలేదు. అప్పుడు అన్నయ్య పళ్ళెం తిప్పడం గుర్తొచ్చింది. ప్రింటు రెండు మూలలూ పట్టుకుని తలకిందులు చేశాను. ఎడమ అంచు కుడివైపుకి వచ్చింది.

వదిన ముందుకు వంగింది. కళ్ళజోడు సర్దుకుంది.

"ఎవరే ఈ గబ్బిలం?"

నేను పెదవి కొరుక్కున్నాను. ఆమె ఇంకా వంగి చూసి, తలెత్తి గుమ్మం వైపు చూసింది. "ఏమండీ! మీరా? ఇలా వేలాడుతున్నారేంటి? ఇంత పొట్టేంటి?"

ప్రింటుని తనే తిన్నగా తిప్పింది. అన్నయ్య మాయమయ్యాడు. తలకిందులు చేసింది, వచ్చాడు. మళ్ళీ తిప్పింది, పోయాడు. ఇంకోసారి తిప్పింది. జుట్టు చెప్పినా, పళ్ళెం చెప్పినా, డాక్టరు చెప్పినా నమ్మని మనిషి తన ఫొటో చెబితే నమ్మింది.

"అంటే... నేను చూడనిది ఇంత ఉందా?" అంది. "మిగతావాట్లో?"

"అన్నిట్లోనూ ఉన్నాను" అన్నాడు అన్నయ్య.

"మరి నాకిచ్చినవాట్లో లేరే?"

వదినకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మొహం ఎర్రబడింది. "కోశారా? నా బొమ్మని కోశారా మీరు?"

"నీకు తెలిస్తే ఇక బయటికే రావని..."

"ఇరుకు బొమ్మలు చూసుకుంటూ నాకు చేతకాదని ఏడుస్తుంటే మీరు పక్కనే కూర్చుని చూశారు కదండీ! నాకు లేదని నాకే తెలియకపోతే నేనెలా వెతుక్కుంటాను?"

ఆమె ఏడ్చింది. మా వదిన ఏడవడం నేను అప్పుడే చూశాను. అన్నయ్య గుమ్మం వదిలి వచ్చి, అలవాటుకొద్దీ ఆమె ఎడమవైపు నిలబడ్డాడు. ఆమె చెయ్యి అతని కోసం కుడివైపు గాలిలో వెతికింది. నేను అతని భుజం పట్టుకుని ఇటు లాగాను. అతని చెయ్యి దొరకగానే గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుని, "ఆ ఎర్ర టేపు ఎక్కడ పారేశారు?" అంది.

ఎడమవైపు మర్నాడే తిరిగొచ్చేసిందని రాస్తే చదవడానికి బాగుండేది. రాలేదు. పుస్తకానికి, బల్లకి, తలుపు చెక్కకి, నా సెలూన్ అద్దానికి టేపులు అంటించుకుంది. వాక్యం మధ్యలోంచి చదవడం మొదలుపెట్టి, అర్థంకాక తిట్టుకుని, టేపు కోసం తల తిప్పి, మళ్ళీ మొదటినుంచి చదివేది. అలసిపోయిన రోజున పళ్ళెంలో సగం అలాగే మిగిలేది. క్లాసులకి మాత్రం మళ్ళీ వెళ్ళసాగింది. పిల్లల ఫొటోలని ముందు తిన్నగా, తర్వాత తలకిందులుగా చూసి మరీ తిట్టడం మొదలుపెట్టింది. ఇదివరకటికి రెట్టింపు తిట్లు పడుతున్నాయని వాళ్ళు వచ్చి నాతో మొరపెట్టుకున్నారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

చలి తగ్గుముఖం పట్టాక, ఆ ఏడాదికి ఇదే ఆఖరి మంచు అనిపించిన ఒక ఉదయం ముగ్గురం చెరువు దగ్గరికి వెళ్ళాం. లెన్సు సొరుగులోంచి తీసి నేనే ఇచ్చాను. గట్టు మీదికి చేరగానే వదిన ఆగింది.

"మీరు నా వెనక నిలబడండి" అంది అన్నయ్యతో.

"నీళ్ళు ఇటున్నాయే. జారితే?"

"ఎటున్నాయో నేను చూసుకుంటాను. వెనక్కి."

అన్నయ్య నా వంక చూశాడు. నేను రమ్మన్నట్టు తలూపాను. అతను వెనక్కి వచ్చాడు కానీ చేతులు రెండూ ముందుకు చాపే ఉంచాడు. వదిన తల ఎడమవైపుకి తిప్పింది. ఇంకా తిప్పింది. గట్టు అంచుని, దాని కింద పల్చబడ్డ ఐసుని చూసి, అడుగు ఇవతలికి వేసింది. రెల్లు దుబ్బు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ట్రైపాడ్ దించింది. ఒక్కొక్క రెల్లుకీ సన్నటి ఐసు గొట్టం తొడిగినట్టుంది. వాటికి ఆమె మొహం ఎంత దగ్గరగా ఉందంటే, ఆమె ఊపిరి బిగబట్టిందని నాకు వెనకనుంచే తెలిసింది.

నొక్కలేదు. కెమెరా తెర మీద చూపుని మెల్లగా లాక్కుంటూ వెళ్ళింది, కుడి అంచు, కింది అంచు, పై అంచు. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి. ఎండ పైకెక్కుతోంది, రెల్లు మీద మెరుపు పోయేలా ఉంది. మళ్ళీ ఆగిపోయింది. అన్నయ్య పక్కకి వంగి తెరలోకి చూసి ఏదో చెప్పబోయాడు. అతని చెయ్యి గిల్లాను. ఎడమ అంచు మిగిలిపోయిందని నాకూ చెప్పాలనే ఉంది. అన్నయ్య ఇంతకాలం ఏం పడ్డాడో ఆ కాస్తసేపటిలో నాకు అర్థమైంది.

"ఉంది" అంది వదిన.

మేమిద్దరం తెర మీదికి మెడలు చాపాం.

"ఎడమవైపు, పైన. ఎండుకొమ్మ ఒకటి లోపలికి దూరింది. చివర కొంచెం మంచు పట్టుకుని ఉంది. మీ ఇద్దరూ అక్కడ నిలబడి ఏం చూస్తున్నట్టు?"

నిజంగానే నాకు కనబడలేదు. ఆమె చెప్పాక చూశాను. ఎడమ అంచు మీద, వేలెడంత కొమ్మ.

ఆమె ట్రైపాడ్ కాలుని కొద్దిగా జరిపి కొమ్మని బయటికి పంపించింది. మళ్ళీ నాలుగు అంచులూ చుట్టి వచ్చింది, ఈసారి ఆగకుండా. వెనక అన్నయ్య, చాపిన చేతిని ట్రైపాడ్ మీదే ఆనించి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఏమండీ" అంది వదిన తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "అవతలికి వెళ్ళి ఏడవండి. కెమెరా కదులుతోంది."